అమ్మమ్మ మొహానికి ఆరు సెకన్ల నీడ

మావయ్య స్టూడియో షట్టరు దించేసి పదిహేనేళ్ళు దాటింది. శ్రీకాకుళం పాలకొండ రోడ్డులో ఆ ముందుగది ఇప్పుడు జిరాక్సు షాపు. వెనక ఉన్న డార్క్‌రూమ్‌ని మాత్రం ఎవరూ అద్దెకు అడగలేదు. కిటికీ లేని గది ఎవరికి కావాలి! అందుకని సామానంతా అలాగే ఉండిపోయింది. నెగిటివ్ బొమ్మని పెద్దది చేసి పేపరు మీద వేసే, దుప్పటి కప్పిన ఎన్‌లార్జరు, ఎనామిల్ ట్రేలు మూడు, ఎర్ర జీరో బల్బు, ఫొటోలు వేసే ఇందు పేపరు పాత డబ్బాల్లో మేకులు, బొత్తాలు, ఎవరూ తీసుకెళ్ళని పాస్‌పోర్టు ఫొటోలు.

మొన్న కార్తీకమాసంలో అమ్మ ఒక కోరిక కోరింది. సంక్రాంతికి అందరూ ఇంటికొస్తారు, అప్పటికి అమ్మమ్మ ఫొటో పెద్దది కట్టించి హాల్లో పెట్టాలని. అమ్మమ్మకి మంచి ఫొటో ఒక్కటే ఉంది. పొందూరులో వాళ్ళ పాతింట్లో, కిటికీ పక్కన కూర్చుని రాట్నం మీద నూలు వడుకుతుండగా మావయ్య 1979లో యాషికా కెమెరాతో తీసింది. ప్రింటు ఎప్పుడో ఎవరో బంధువులు పట్టుకెళ్ళిపోయారు. నెగిటివ్ మాత్రం మిగిలింది, బటర్ పేపరు కవరులో, ఒక మూల కాస్త బూజుతో.

ముందు అందరూ చేసే పనే నేనూ చేశాను. నెగిటివ్‌ని స్కాన్ చేయించి, ఒక షాపులో ప్రింటు తీయించాను. వాళ్ళు అడగకుండానే మొహం "క్లీన్" చేసి ఇచ్చారు. ముడతలు లేవు, ముక్కుపుడక లేదు, చామనఛాయ కూడా లేదు. అమ్మ దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరే ఈవిడ?" అని పిన్నిని అడిగింది.

మావయ్య అప్పుడు కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. ఆయనకి ఎనభై దగ్గర పడింది. రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది, చెయ్యి కొంచెం వణుకుతుంది. ఆ ప్రింటు వైపు కూడా చూడకుండా అన్నాడు: "ఎన్‌లార్జరు ఉంది కదేటి. నువ్వు సెయ్యి అల్లుడూ, నేను సెప్తాను."

ఎన్‌లార్జరు తుడవడం, లెన్సు మీద బూజు తీయించడం, కెమికల్స్ తెప్పించడం, తలుపు సందుల్లో నల్లగుడ్డ కుక్కడం, వీటికి రెండు వారాలు పట్టింది. వాటి గురించి ఎక్కువ చెప్పను. ఒక్కటి మాత్రం చెప్పాలి. హైపో (బొమ్మ చెరిగిపోకుండా నిలిపే మందు) పలుకులు నీళ్ళలో వేసి కలుపుతుంటే బకెట్టు చేతికి ఐసు పెట్టినట్టు చల్లబడిపోతుంది. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో ఇది చూడడానికే మేం డార్క్‌రూమ్‌లోకి దూరేవాళ్ళం. స్టాప్ బాత్‌కి (బొమ్మ తేలడాన్ని ఆపే మందుకి) వంటింటి వెనిగరే సగానికి సగం నీళ్ళు కలిపి వాడాను. డబ్బాలో మిగిలిన ఇందు పేపర్లు నాలుగు ఉంటే ఆశపడి ఒకటి డెవలపర్లో, అంటే బొమ్మని తేల్చే మందులో, వేశాను. వెలుతురు చూపించకుండానే మొత్తం బూడిదరంగుకి తిరిగిపోయింది. ఊటీలో ఆ ఫ్యాక్టరీయే మూతబడింది, పేపరు మాత్రం ఎందుకు బతుకుతుంది. కొత్త పేపరు ఆన్‌లైన్లో తెప్పించాను. రేటు చూస్తే గుండె గుభేలుమంది, అందుకే ఒక్కో షీటునీ నాలుగు ముక్కలు చేసి వాడుకున్నాను.

మొదటి ప్రింటు ఏ వేషాలూ లేకుండా నేరుగా వేశాను. ముందు టెస్ట్ స్ట్రిప్: లెన్సు ఎఫ్ 11 మీద పెట్టి (లెన్సు కన్ను ఎంత తెరిచామో చెప్పే అంకె ఇది, అంకె పెరిగితే కన్ను చిన్నదవుతుంది), పేపరు ముక్క మీద అట్ట జరుపుకుంటూ 5, 10, 15, 20, 25 సెకన్లు. ఇరవై దగ్గర ఖద్దరు చీర అందంగా వచ్చింది. నేత కనిపిస్తోంది, కుచ్చిళ్ళ మడతలు కనిపిస్తున్నాయి, రాట్నం మీద పోగు కూడా ఉంది. కానీ మొహం బొగ్గుముద్ద. కిటికీ వెలుతురు చీర మీదా ఒళ్ళోని ఏకుల (వడకడానికి చుట్టిన దూది) మీదా పడింది తప్ప, రాట్నం వైపు వంచిన మొహం మీద పడలేదు. మొహానికి సరిపడేలా పద్నాలుగు సెకన్లిస్తే అమ్మమ్మ కళ్ళు కనిపించాయి, చీర పాలిపోయింది.

నెగిటివ్ సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట. మామూలు ఫొటోలో చీకటిగా ఉండే చోటు నెగిటివ్‌లో పలచగా, పారదర్శకంగా ఉంటుంది. దానిలోంచి ఎన్‌లార్జరు వెలుతురు ఎక్కువగా దిగి పేపరుని నల్లగా చేస్తుంది. కాబట్టి మొహం తేలాలంటే, మొత్తం ఇరవై సెకన్లలో ఒక ఆరు సెకన్లు ఆ మొహం మీదకి మాత్రం వెలుతురు దిగకుండా ఏదో ఒకటి అడ్డం పెట్టాలి. దీన్నే డాడ్జింగ్ అంటారు. మావయ్య మాత్రం ఎప్పుడూ "నీడ పట్టడం" అనేవాడు. "ఆ పెళ్ళికొడుకు కళ్ళకింద కాస్త నీడ పట్టు" అంటే, పేపరు మీద నీడ పడితే బొమ్మలో వెలుగొస్తుందని అర్థం. చిన్నప్పుడు నాకిది బొత్తిగా బుర్రకెక్కేది కాదు.

నీడ పట్టే పుల్లలు ఆయనకి ఒకప్పుడు డబ్బా నిండా ఉండేవి. వెతికితే డబ్బా దొరికింది. లోపల చెదలు తిన్న పొడి, తుప్పు పట్టిన రెండు గుండుసూదులు, నల్లకాగితం ముక్కలు. అంతే. "సేసుకో, అదేం బ్రహ్మవిద్య కాదు" అన్నాడు.

బ్రహ్మవిద్య కాదనే నేనూ అనుకున్నాను. మా పిన్ని కొడుకు ఫోన్లో ఫొటోలు దిద్దుతుంటాడు. వాడికి చూపిస్తే, "అరే, ఇది ఫొటోషాప్‌లో డాడ్జ్ టూల్ బొమ్మ కదన్నయ్యా!" అన్నాడు. నిజమే, ఆ ఐకాను పుల్లకి గుచ్చిన నల్లబిళ్ళే. దాని పక్కనే, ఒకచోట వెలుతురు ఎక్కువిచ్చి ముదురు చేసే బర్న్ టూల్ బొమ్మ ముడిచిన చెయ్యి. అదీ డార్క్‌రూమ్‌దే. వాడు రోజూ నొక్కుతున్నది మావయ్య పుల్లనే అని వాడికి ఆ రోజు తెలిసింది.

మొదటి పుల్ల సైకిల్ స్పోక్‌తో చేశాను. నిటారుగా ఉంటుంది, వంగదు, షాపులో ఊరికే ఇచ్చారు. చివర అగ్గిపెట్టెంత తెల్లట్ట గుండ్రంగా కత్తిరించి సెల్లోటేపు వేశాను. లైటు వేసి, పేపరుకీ లెన్సుకీ మధ్యలో పెట్టి, బిళ్ళ నీడ సరిగ్గా మొహం మీద పడేలా కదలకుండా, ఊపిరి బిగబట్టి, ఆరు లెక్కపెట్టి తీసేశాను. చాలా జాగ్రత్తగా చేశానని గర్వంగా కూడా అనిపించింది.

డెవలపర్లో బొమ్మ తేలుతుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అమ్మమ్మ తల చుట్టూ గుండ్రంగా తెల్లటి చక్రం, దేవుడి పటాల్లో ఉన్నట్టు. ఆ చక్రం నుంచి ఫొటో అంచు దాకా కిటికీ మీదుగా ఒక పాలిపోయిన గీత, స్పోకుది. పేపరు కడిగి బయటకు తెచ్చి మావయ్య చేతికిచ్చాను. కళ్ళజోడు సర్దుకుని చూసి, "మా అమ్మని అమ్మవారిని సేసేసినావు. హారతి తెండి" అన్నాడు.

ఆ రాత్రి ఆయన తలుపు బయట స్టూలు మీద కూర్చున్నాడు, నేను లోపల. తలుపు మూసే ఉంది. ఆ తలుపులోంచే పాఠం సాగింది.

"బిళ్ళ ఎంతుంది?"

"మొహం ఎంతుందో అంత."

"నీడ ఎంతుంది?"

చూస్తే మొహానికి రెండింతలుంది. లెన్సుకీ పేపరుకీ మధ్య నలభై ఒక్క సెంటీమీటర్లు. సరిగ్గా సగంలో బిళ్ళ పెడితే నీడ రెండింతలవుతుందని లెక్క వేస్తే ఎవరికైనా తెలుస్తుంది. దీపం ముందు చెయ్యి పెట్టి గోడ మీద కుక్క బొమ్మ ఆడించిన ప్రతివాడికీ తెలుసు. నాకే ఆ చీకట్లో తట్టలేదు. ప్రింటులో మొహం నాలుగు సెంటీమీటర్లు. అంటే బిళ్ళ రెండుకి కొంచెం తక్కువే ఉండాలి.

"కదిపినావా?"

"లేదు. కదిలితే చెడిపోతుందని బిగబట్టి పట్టుకున్నాను."

తలుపు అవతల కాసేపు నవ్వు. "కదపకపోతే ఎలాగరా! కదుపుతూనే ఉండాలి. విసనకర్రతో పాపకి విసురుతున్నట్టు, మెల్లగా. ఆగిందంటే అచ్చు పడిపోతాది."

ఆ మాట విన్నాక నేను కూర్చుని లెక్క వేసుకున్నాను. మా ఎన్‌లార్జరు లెన్సు 75 మిల్లీమీటర్లది. ఎఫ్ 11 దగ్గర దాని కన్ను సుమారు ఏడు మిల్లీమీటర్ల వెడల్పు. స్పోకు మందం రెండు. సగం దూరంలో పెడితే, పేపరు మీది నుంచి చూసినప్పుడు అది కన్నులో నాలుగు మిల్లీమీటర్ల అడ్డుబద్ద. సగానికి పైగా వెలుతురు అక్కడే ఆగిపోతుంది, గీత పడక ఏమవుతుంది? పుల్ల ఎంత సన్నగా ఉంటే అంత మేలు, అదీ ఆడుతూ ఉంటే నీడ ఎక్కడా నిలవదు. పైగా స్పోకు మెరుస్తుంది. దాని మీద పడ్డ వెలుతురు చెదిరి పేపరు మీదకి ఎక్కడెక్కడికో పోతుంది. తెల్లట్ట కూడా అంతే. కింద వైపు తెల్లగా ఉంటే, పేపరు నుంచి లేచిన వెలుతురుని మళ్ళీ పేపరు మీదకే కొడుతుంది. కింద నలుపు ఉండాలి, మెరవని నలుపు. పైన మాత్రం తెలుపుంటే మంచిది, నెగిటివ్ బొమ్మ దాని మీద కనిపిస్తుంది, ఎక్కడ పట్టుకున్నామో తెలుస్తుంది.

నలుపు కోసం వెతకనక్కర్లేకపోయింది. కొత్త పేపరు ప్యాకెట్టులో చుట్టి వచ్చిన నల్లకాగితమే ఉంది. పుల్ల కోసం మాత్రం రెండు రోజులు తిరిగాను. సెంట్రింగు పనివాళ్ళు ఇనుప ఊచలకి చుట్టే బైండింగు వైరు తెచ్చాను. సన్నంగా ఉంది కానీ మెత్తన, బిళ్ళ బరువుకే తల వాల్చేస్తోంది. అగరొత్తి పుల్ల పొట్టి. చివరికి మావయ్యే, "పెరట్లో సీపురు లేదేటి?" అన్నాడు.

కొబ్బరి ఈనె! మొదట్లో చేత్తో పట్టుకోవడానికి లావుగా, చివరికొచ్చేసరికి సూదిలా సన్నగా. మెరవదు, బరువుండదు, వంచితే వంగి మళ్ళీ లేస్తుంది. మావయ్య పాత డబ్బాలో చెదలు తిన్న పొడి దేనిదో అప్పుడు అర్థమైంది. ఉద్దానం కొబ్బరితోటలున్న జిల్లాలో పుట్టి, నేను సైకిల్ షాపు చుట్టూ తిరిగాను.

కొత్త చీపురు విప్పి మంచి ఈనెలు పది ఏరాను. బిళ్ళ ఈసారి గుండ్రంగా చెయ్యలేదు, ఎందుకంటే అమ్మమ్మ మొహం గుండ్రంగా లేదు. పక్కకి తిరిగి కిందకి వంగి ఉంది, ఒకవైపు చెంప, నుదురు, గడ్డం. నుదుటి పైన జుట్టు నల్లగానే ఉండాలి. నీడ అక్కడికి పాకిందంటే జుట్టు నెరిసిపోయినట్టు వస్తుంది, ఆ ఫొటోనాటికి ఆవిడకి ఒక్క తెల్లవెంట్రుక లేదు. సరైన ఆకారం కోసం ఇలా చేశాను: ఎన్‌లార్జరు కింద ఇరవై సెంటీమీటర్ల ఎత్తు కందిపప్పు డబ్బా నిలబెట్టి, దాని మూత మీద తెల్లకాగితం పరిచి లైటు వేశాను. ఆ ఎత్తులో బొమ్మ ఫోకస్‌లో ఉండదు, మసకగా, సగం సైజులో పడుతుంది. లెన్సుని ఎఫ్ 16కి మూస్తే కాస్త తేరుకుంది. పెన్సిలుతో మొహం చుట్టూ గీసుకున్నాను. గీసింది చూస్తే జీడిపిక్కలా ఉంది. ఆ కాగితాన్ని నల్లకాగితానికి అంటించి, గీతకి రెండు మిల్లీమీటర్లు లోపలగా కత్తిరించాను, ఎందుకంటే కదిపినప్పుడు నీడ ఎలాగూ చుట్టూ పాకుతుంది.

ఈనె చివర బ్లేడుతో చీల్చి, ఆ చీలికలో బిళ్ళ దూర్చి, ఫెవికాల్ చుక్క పెట్టాను. వినడానికి రెండు నిమిషాల పని. ఈనె చీలిక ఎప్పుడూ ఒక పక్కకే పరిగెడుతుంది, సగం పుల్లలు పాయలై పోయాయి. బ్లేడు కిందకి తొయ్యకూడదని, బ్లేడు కదలకుండా పట్టుకుని ఈనెనే దాని మీదకి కొంచెం కొంచెంగా తిప్పుతూ నొక్కాలని ఆరో పుల్లకి తెలిసింది. చీలాక దారంతో రెండు చుట్లు. సెల్లోటేపు మాత్రం వద్దు. అంతకు ముందు ఒకసారి టేపు ఊడి బిళ్ళ సరిగ్గా నాలుగో సెకనులో పేపరు మీద పడింది. ఆ ప్రింటులో అమ్మమ్మ బుగ్గ మీద రూపాయి బిళ్ళంత పాలిపోయిన మచ్చ. దాన్ని పారెయ్యకుండా దాచాను, పిల్లలు అడిగి మరీ చూస్తున్నారు.

బిళ్ళ అంచు విషయంలో ఇంకో తలనొప్పి వచ్చింది. నిమ్మళంగా నీడ పట్టడానికి టైము చాలట్లేదని, లెన్సుని ఎఫ్ 16కి మూసి నలభై సెకన్లు చేసుకున్నాను. టైము దొరికింది కానీ అంచు గట్టిగా, గీసినట్టు పడింది. లెన్సు కన్ను చిన్నదైతే నీడ అంచు కరుకు, పెద్దదైతే మెత్తన. పున్నమి వెన్నెల నీడకీ మబ్బు పట్టిన పగటి నీడకీ ఉన్న తేడాయే ఇది. కన్ను బాగా తెరిస్తే అంచు మెత్తబడుతుంది, కానీ మొత్తం టైమే ఐదు సెకన్లకి పడిపోతుంది. ఐదు సెకన్లలో ఎవడు పడతాడు నీడ! మళ్ళీ ఎఫ్ 11కే వచ్చి, అంచు సంగతి వేరేగా చూసుకోవాల్సి వచ్చింది. అంచుల్ని రంపపు పళ్ళలా కత్తిరించాను, కొంత మెత్తబడింది. గడ్డం కింద మాత్రం తెల్లటి పైట పక్కనే ఉంది. అక్కడ నీడ ఒక్క వెంట్రుకవాసి దాటినా పైట కాగితంలా పాలిపోతోంది, దాటకపోతే గడ్డం కింద నల్లగీత.

అప్పుడు పొందూరు పనికొచ్చింది. వడికే వాళ్ళిళ్ళల్లో పత్తిని ముందు వాలుగ చేప దవడతో దువ్వుతారు. ఆ పళ్ళు దువ్వెనలా సన్నగా, వరసగా ఉంటాయి. చెత్తా పొట్టూ పోయి గింజ చుట్టూ పోగులు ఒకే వైపుకి పరుచుకుంటాయి. అమ్మమ్మది అలాంటి దవడ ముక్క ఒకటి అమ్మ ఇంకా ట్రంకుపెట్టెలో దాచింది, ఎండిన అరటిబోదలో చుట్టిన పాత ఏకులు రెండింటితో సహా. అమ్మని అడిగితే ముందు ససేమిరా అంది. ఎందుకో చెప్పాక, ఒక ఏకు చివర నుంచి చిటికెడు తుంచి ఇచ్చింది. ఆ దూదిని వేళ్ళతో పలచగా విడదీసి, బిళ్ళ గడ్డం వైపు అంచుకి అంటించాను. వెలుతురులో పెట్టి చూస్తే దూది నీడ అంచే కనిపించదు. ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియకుండా పలచబడిపోతుంది. ఊరి పత్తి అయితేనే పనిచేస్తుందని కాదు, మెడికల్ షాపు దూది అయినా అదే పని చేస్తుంది. నేను చేసింది మాత్రం దీనితోనే.

మరి ఎంతసేపు పట్టాలి? ఆరు అని ముందే చెప్పాను గానీ, దాని దగ్గరికి ఒక్కసారిగా రాలేదు. పది సెకన్లు పట్టి చూశాను. మొహం బాగా తేలింది, చాలా బాగా వచ్చిందనుకుని తడి ప్రింటు పట్టుకుని బయటకు పరిగెత్తాను. మావయ్య దాన్ని ట్యూబులైటు కింద చాలాసేపు చూశాడు. "బూడిద పూసినావు" అన్నాడు. నిజంగానే కళ్ళల్లో నలుపు లేదు, ముక్కు పక్కన నీడ లేదు, అంతా ఒకటే బూడిదరంగు. నెగిటివ్‌లో ఉన్న వెలుగునీడలకి సరిపడా వెలుతురు అందకపోతే మొహం చప్పబడుతుంది.

అప్పుడు ఆయన ఒక సంగతి చెప్పాడు. ఇంతకు ముందు ఎప్పుడూ చెప్పలేదు. స్టూడియో బాగా నడిచిన రోజుల్లో పెళ్ళిచూపుల ఫొటోలే సగం తిండి పెట్టేవట. ఆడపిల్లని తీసుకొచ్చిన తండ్రి వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "కాస్త తెల్లగా వచ్చేలా సూడండి బాబూ" అనేవాడట. ఒకరిద్దరు కాదు, దాదాపు అందరూ. "ఇంకో మూడు సెకన్లు నీడ పట్టీవాణ్ణి. ఏటి సెయ్యమంటావు? ఆల్ల టెన్షన్ ఆల్లది. పెళ్ళయ్యాక ఒకాయన వచ్చి, నీ ఫొటో సూసి మోసపోయినామని నా మీద అరిసినాడు." కాసేపు ఆగి ప్రింటు నా చేతికిచ్చేశాడు. "మా అమ్మ నలుపే. రాట్నం ఏపు వంగడం వల్ల మొహం సీకట్లో పడిపోయింది, ఆ సీకటి తియ్యి సాలు. తెల్లగా సెయ్యకు."

ఆ మాటతో నాకు సెకన్ల లెక్క దొరికింది. అంతవరకూ నేను వెలుగు పెంచుకుంటూ పోతున్నాను, ఎక్కడ ఆపాలో తెలియక. ఇప్పుడు వెనక్కి వచ్చాను. ఎనిమిది, ఏడు, ఆరు, ఐదు, ఒక్కో ముక్క మీద ఒక్కోటి. ఐదులో కనురెప్ప కింద ఏముందో తెలియట్లేదు. ఆరులో ముక్కుపుడక ఒక చిన్న చుక్కలా మెరిసింది, కన్ను రాట్నం కదురు వైపు చూస్తున్నట్టు తెలిసింది, చెంప చెంపరంగులోనే ఉంది. ఆ నాలుగు ముక్కలూ ఆరేసి, అమ్మకి ఏమీ చెప్పకుండా చూపించాను. ఆమె ఆరు సెకన్లదే తీసింది.

మధ్యలో ఒక రోజు నాకో తెలివైన ఆలోచన వచ్చింది. పుల్ల ఆడుతూ ఉండాలి కదా, మావయ్య చెయ్యి ఎలాగూ వణుకుతుంది కదా, ఆయన్నే పట్టమంటే ఎలా ఉంటుంది? ఆయనా సరదాపడ్డాడు. లోపలికొచ్చి, నలభై ఏళ్ళు నిలబడిన చోటే నిలబడి, ఈనె పట్టుకున్నాడు. ప్రింటు పాడైంది. వణుకు వేరు, కదపడం వేరు. నీడ మొహం మీద నిలవకుండా పైట మీదకీ కిటికీ మీదకీ జారిపోయింది. "బాగుంది, నెల్లూరు గేదె నేరేడు చెట్టెక్కినట్టుంది" అని ఏదో సామెతలాంటిది అప్పటికప్పుడు కల్పించి నవ్వేశాడు గానీ, ఆ రాత్రి మళ్ళీ లోపలికి రాలేదు. అడగకుండా ఉండాల్సింది.

అసలు ప్రింటు భోగికి రెండు రోజుల ముందు రాత్రి వేశాను. ఆ చలికాలంలో కుళాయి నీళ్ళు మా ఊళ్ళో డెవలపర్‌కి సరిపోతాయి, వేసవిలో అయితే ఐసు ముక్కలు వెయ్యాల్సిందే. జిరాక్సు షాపు మూసేశాక మొదలుపెట్టాను, మిషన్లు నడుస్తుంటే వోల్టేజి ఊగి బల్బు వెలుగు మారిపోతోంది, అలా రెండు షీట్లు పోయాయి. ఎన్‌లార్జరుకి ఎర్ర ఫిల్టరు ఉంటుంది, లెన్సు కింద అడ్డం తిప్పితే బొమ్మ ఎర్రగా పేపరు మీద కనిపిస్తుంది కానీ పేపరుకి ఏమీ కాదు. ఆ ఎర్ర వెలుతురులో పుల్ల పట్టుకుని ఐదారుసార్లు ఒట్టి కసరత్తు చేశాను: ఎక్కడ నిలబడాలి, మోచెయ్యి ఎక్కడ ఆనాలి, ఈనె ఏ పక్క నుంచి రావాలి. కుడివైపు నుంచి వస్తే ఈనె నీడ తెల్లటి ఏకుల మీదుగా పోతుంది. ఎడమ నుంచి అయితే చీకటిగోడ మీదుగా. ఎడమ చేత్తో పట్టడమే మేలని తేలింది, అలవాటు లేకపోయినా.

"లెక్క నేను పెడతాను" అన్నాడు బయట నుంచి మావయ్య.

ఫిల్టరు పక్కకి తీసి, పుల్లని ముందే మొహం మీదకి తెచ్చి ఆడిస్తూ, కుడిచేత్తో స్విచ్చి నొక్కాను. తలుపవతల నుంచి గొంతు మొదలైంది: "లాభం... రెండు... మూడు..." కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనకుండా లాభం అంటారు కదా, ఈయన సెకన్లు కూడా అలాగే కొలిచేవాడు. మర్చేపోయాను. నవ్వొచ్చింది, పుల్ల కదిలింది, కదలాల్సిందే కదా. పైకీ కిందకీ ఒక సెంటీమీటరు, గడ్డం వైపు దూది అంచు, నుదుటి వైపు రంపపు అంచు, మొహం ఎర్రగా కాదు, ఇప్పుడు తెల్లటి వెలుతురులో తిరగబడిన రంగుల్లో బిళ్ళ మీద ఈదుతోంది. "ఆరు" అన్నాడు. ఎడమవైపుకి ఒక్క ఊపులో లాగేశాను. మెల్లగా తీస్తే గోడ మీద మరక పడుతుంది. మిగిలిన పద్నాలుగు సెకన్లు ఊరికే నిలబడడం, అదే కష్టం. తరవాత కిటికీకి ఇంకో పన్నెండు సెకన్లు ఎక్కువ వెలుతురు, దానికి పుల్ల అక్కర్లేదు, రెండు అరచేతులు దగ్గరపెట్టి మధ్యలో సందు వదిలితే చాలు.

డెవలపర్లో ముందు జుట్టు వచ్చింది, తరవాత గోడ, తరవాత కళ్ళు. చీర చివర్లో వచ్చింది. రెండు నిమిషాలు అయ్యేదాకా ట్రే ఊపుతూనే ఉన్నాను. వెనిగరు, హైపో, ఆ తరవాతే తలుపు తీశాను. గీత లేదు, చక్రం లేదు. ఎవరికైనా చూపిస్తే, ఇక్కడ ఎవరో పుల్ల పట్టారని చెప్పలేరు.

మావయ్య తడి ప్రింటుని ట్రేలోనే చూసి తలూపాడు. ఏమీ అనలేదు. మంచి మాట ఆశించానని ఒప్పుకుంటాను.

పొద్దున్నే చూస్తే, తాడు మీద ఆరిన ప్రింటు రాత్రి చూసిన దానికంటే ఒక పిసరు చీకటిగా ఉంది. ఫైబరు పేపరు ఆరితే అంతే, కొంచెం ముదురుతుంది. ఇది ఆయనకి రాత్రే తెలుసు. "తడి మీద మెచ్చుకోకూడదురా" అన్నాడు కాఫీ తాగుతూ. "ఇంకో అర సెకను పట్టాల్సింది."

అమ్మ మాత్రం ఇంకో ప్రింటుకి ఒప్పుకోలేదు. దాన్నే ఫ్రేము కట్టించింది. ఇప్పుడు హాల్లో, టీవీకి ఎడమవైపు ఉంది. ఈనె పుల్లలు మూడు మిగిలాయి. బోర్నవీటా డబ్బాలో నిలబెట్టాను, చెదలు పట్టకుండా రెండు కర్పూరం బిళ్ళలు వేసి. దూది అంటించిన దాని కాడ మీద స్కెచ్ పెన్నుతో "అమ్మమ్మ, ఆరున్నర" అని రాశాను.